నల్లా వాషర్ల రేడియో

ఏప్రిల్ 18 ప్రపంచ అమెచ్యూర్ రేడియో దినం. 1925లో సరిగ్గా అదే తేదీన పారిస్‌లో రకరకాల దేశాల హామ్‌లు కలుసుకుని అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో యూనియన్ పెట్టుకున్నారు. నూరేళ్లు నిండింది 2025లో. అప్పుడు మన పత్రికాఫీసుల్లో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నూటొకటో ఏట తట్టింది, అదీ పేజీ వెళ్లడానికి ఒక్క రోజు ముందు. "ఉమ్మడి వరంగల్ కోణం ఉండాలి సార్. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాళ్లు కూడా చదివేటట్టు" అని డెస్కు నుంచి ఫోను. కోణం ఉంది. కాకపోతే అది హైదరాబాద్ కోఠిలో ఒక సందు గుండా తిరిగి వస్తుంది. కాస్త ఓపిక పట్టాలి.

ముందు హామ్ అంటే ఏమిటో రెండు ముక్కల్లో. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, తనకంటూ ఒక పిలుపు సంకేతం పొంది, సొంత రేడియోతో గాలిలో మాట్లాడుకునే మనిషి హామ్. జీతం రాదు, వ్యాపారం చేయకూడదు, పాటలు వేయకూడదు. అవతల ఎవరు పలుకుతారో ముందుగా తెలియదు. పలికినాయన బ్రెజిల్ పంతులు కావచ్చు, జపాన్ రైల్వే ఉద్యోగి కావచ్చు. పేరు, ఊరు, సిగ్నల్ ఎంత బలంగా వస్తోంది, ఏ యాంటెన్నా కట్టావు... ముచ్చట చాలాసార్లు అక్కడితో సరి. ఆ నాలుగు ముక్కల కోసం ఇంటి మీద ఇరవై మీటర్ల తీగ లాగి, అర్ధరాత్రి దాకా చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చునే ఇంజనీర్లు లోకమంతా ఉన్నారు. చదువు రోజుల్లో పట్టుకున్న ఈ పిచ్చి పెన్షన్ వచ్చాక కూడా వదలదు. ఇంట్లోవాళ్లు మొదట విసుక్కుంటారు, తర్వాత అలవాటు పడతారు.

చరిత్ర వ్యాసం అన్నాక కాకతీయుల నుంచి మొదలుపెట్టాలి గదా! గణపురం కోటగుళ్లు కట్టించినవాళ్లు, రామప్ప చెరువు తవ్వించినవాళ్లు శాసనాల్లో చెరువుల లెక్కలు, గుళ్ల మాన్యాలు రాయించారు. ఓరుగల్లు నుంచి సరిహద్దుకు కబురు ఎంతసేపట్లో పోయేదో రాయించలేదు. తర్వాత ఆరేడు వందల ఏళ్లు కూడా కబురు గుర్రం మీదో, మనిషి కాళ్ల మీదో నడిచింది. ఆ శతాబ్దాలను ఈ ఒక్క పేరాలోనే దాటేస్తున్నాను, చరిత్ర పంతుళ్లు క్షమించాలి.

మా వైపు కబురుకు కరెంటు వేగం తెచ్చింది రైలు. నిజాం రైల్వే సికింద్రాబాద్ నుంచి తూర్పుకు సాగి, వరంగల్ దాటి, డోర్నకల్ మీదుగా 1889 నాటికి బెజవాడ చేరింది. పట్టాలతో పాటే టెలిగ్రాఫ్ స్తంభాలూ నడిచాయి. జనగామ స్టేషన్లోనూ, మానుకోట అని మనం పిలుచుకునే మహబూబాబాద్ స్టేషన్లోనూ మాస్టరు బల్ల మీద మోర్స్ 'టక్కు టక్కు' మొదలైంది. ఊళ్లో దొర గడీకి కూడా లేని సౌకర్యం అది. చుక్క, గీతలతో అక్షరాలు పంపే ఆ విద్యే తర్వాత హామ్‌లకు ఓనమాలైంది. మన దేశంలో ప్రభుత్వ టెలిగ్రాం 2013 జులైలో మూతపడింది. హామ్‌లు మాత్రం ఆ భాషను ఇప్పటికీ మాట్లాడుతున్నారు.

ఇండియాలో మొదటి హామ్ లైసెన్సు 1921లో కలకత్తాకు చెందిన అమరేంద్ర చంద్ర గుప్తాకు దక్కింది. 1930ల నడుమ దేశం మొత్తమ్మీద హామ్‌లు యాభై మంది లోపే. వాళ్లలో ఎక్కువ మంది బ్రిటిష్ సైనికాధికారులు. మన హైదరాబాద్‌లో అప్పుడే ఒక ముచ్చట జరిగింది. చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ అనే ఆయన సొంతంగా 200 వాట్ల ప్రసార కేంద్రం నడిపాడు. 1935లో నిజాం సర్కారు దాన్ని తీసేసుకుని దక్కన్ రేడియోగా మార్చింది. ఒక మనిషి సరదా కాస్తా సర్కారు శాఖ కావడం మన దేశంలో అప్పుడప్పుడు జరిగేదే. సర్కారు శాఖ మళ్లీ ఒక మనిషి సరదాగా మారిన సందర్భం మాత్రం నాకు తారసపడలేదు.

1939లో యుద్ధం రాగానే హామ్‌లంతా తమ ట్రాన్స్‌మిటర్లు పోలీసులకు అప్పగించాలని ఉత్తర్వు వచ్చింది. 1942లో బొంబాయిలో ఉషా మెహతా, ఆమె మిత్రులు నడిపిన రహస్య కాంగ్రెస్ రేడియో వెనుక నరిమన్ ప్రింటర్, బాబ్ తన్నా అనే హామ్‌ల చేతి పని ఉంది. ఆరేళ్ల తర్వాత అదే ఉపాయం మన దగ్గర పనికొచ్చింది. నిజాం మీద పోరాటం రోజుల్లో కర్నూలు నుంచి పాగ పుల్లారెడ్డి భాగ్యనగర్ రేడియో నడిపారు. అప్పటికే మా జనగామ తాలూకా కడవెండిలో, దొరల మీది పోరాటంలో, దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ఊళ్లలో రేడియో పెట్టె ఉన్న ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ పెట్టె వినిపించేదే తప్ప మాట్లాడనిచ్చేది కాదు.

స్వాతంత్ర్యం వచ్చాక లైసెన్సులు మళ్లీ మొదలయ్యాయి. వచ్చినా ఏం లాభం? 1970 నాటికి కూడా దేశంలో హామ్‌లు వెయ్యి మంది లేరు. సెట్టు దొరకదు. దొరికితే మిలిటరీ వాళ్లు వేలంలో తీసేసిన వాల్వు పెట్టెలు, బరువుకు బరువు, వేడికి వేడి. విదేశీ సెట్టు తెప్పించుకుందామంటే దిగుమతి సుంకం. 1984లో ఆ సుంకం ఎత్తేశారు. రాజీవ్ గాంధీ స్వయంగా హామ్ కావడం అందుకు ఎంత సాయపడిందో ఎవరి ఊహ వాళ్లది. ఆయన పిలుపు వీయూ2ఆర్‌జీ. అంతకు ముందు ఏడాదే, 1983లో, హైదరాబాద్‌లో ఎస్. సూరి చొరవతో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వెలిసింది. వాడుకలో 'నియార్'. తెలుగు నేల మీద హామ్ అన్న మాట కాలేజీల దాకా చేరడంలో ఆ సంస్థ చేసిన పని చిన్నది కాదు.

నియార్ పేరు దేశమంతా మోగింది 2004 డిసెంబర్‌లో. అండమాన్ దీవుల నుంచి హామ్ రేడియో వినిపించి అప్పటికి పదిహేడేళ్లయింది. అనుమతుల కోసం ఏళ్ల తరబడి తిరిగిన భారతీ ప్రసాద్ (వీయూ2ఆర్‌బీఐ) చివరికి సాధించి, చిన్న బృందంతో పోర్ట్ బ్లెయిర్ చేరారు. హోటల్ గదిలో సెట్టు, మిద్దె మీద యాంటెన్నా. ప్రపంచం నలుమూలల నుంచి హామ్‌లు ఆ అరుదైన దీవులతో ఒక్క పలుకు కోసం ఎగబడ్డారు. 26వ తేదీ తెల్లవారి ఆరున్నర వేళ భూమి ఊగింది, తర్వాత సముద్రం వచ్చింది. ఫోన్లు పోయాయి. సరదాకు తెచ్చుకున్న సెట్లే దీవులకూ ప్రధాన భూభాగానికీ నడుమ కబురు మోశాయి. "మావాళ్లు బతికే ఉన్నారా?" అన్న ప్రశ్నలు ఇటు నుంచి వెళ్లాయి, జవాబులు అటు నుంచి వచ్చాయి. బృందంలో కొందరు కార్ నికోబార్ దాకా వెళ్లారు. ఈ కథ చాలామంది చాలాసార్లు రాశారు, అందుకే ఇంతటితో ఆపుతున్నాను. నాకు ఇష్టమైన కథ వేరు. అందులో ప్రళయం లేదు, హెలికాప్టర్ లేదు. అందులో ఉన్నది నల్లా వాషర్.

ఆ కథ మొదలవ్వాలంటే ఒక రైలెక్కాలి. ఎనభైల్లో, తొంభైల్లో మానుకోటలోనో, జనగామలోనో ఎలక్ట్రానిక్స్ పిచ్చి పట్టిన కుర్రాడికి ఒకటే దారి. గోల్కొండ ఎక్స్‌ప్రెస్సో, కృష్ణా ఎక్స్‌ప్రెస్సో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగడం, కోఠి బస్సెక్కడం, బ్యాంక్ స్ట్రీట్ పక్కన గుజరాతీ గల్లీలో దూరడం. రెసిస్టర్లు దోసిళ్ల లెక్కన, ట్రాన్సిస్టర్లు కాగితం పొట్లాల్లో, కెపాసిటర్లు గాజు సీసాల్లో. జేబులో చీటీ, చీటీలో సగం పేర్లు ఏదో ఇంగ్లిష్ పుస్తకం నుంచి ఎక్కించుకున్నవి. కౌంటర్ వెనుక సేటు చీటీ చూసి సగం సామాను ఇచ్చేవాడు, మిగతా సగానికి "యే ఇధర్ నహీ మిల్తా" అనేవాడు. ఆ దొరకని సగంలో ఎప్పుడూ ఒక వస్తువు ఉండేది: టోరాయిడ్.

టోరాయిడ్ అంటే ఇనుప పొడిని అదిమి చేసిన చిన్న ఉంగరం. దాని చుట్టూ రాగితీగ చుడితే మంచి కాయిల్ అవుతుంది. అమెరికా పుస్తకాల్లో ప్రతి రేడియో సర్క్యూట్‌లో అది అరడజను ఉంటుంది. అక్కడ కవర్లో పెట్టి పంపిస్తారు. ఇక్కడ ఉంగరం ఖరీదు కన్నా దాని పోస్టేజీ ఎక్కువ. ఇంకొకటి క్రిస్టల్ ఫిల్టర్. పాత ఏఎం పద్ధతిలో మాటతో పాటు ఒక బలమైన క్యారియర్ కూడా గాలిలోకి పోతుంది, కరెంటు సగానికి పైగా దానికే ఖర్చు. అరవైల తర్వాత హామ్‌లు ఎస్సెస్బీకి మారారు. క్యారియర్ తీసేసి, మాటలో ఒక్క పక్కను మాత్రమే పంపే పద్ధతి. తక్కువ శక్తితో ఎక్కువ దూరం. కానీ ఆ ఒక్క పక్కను విడదీయడానికి కచ్చితమైన ఫిల్టర్ కావాలి. ఆ ఫిల్టర్ తెప్పించుకోవాలంటే నెల జీతం. ఫలితం ఏమిటంటే, మన దగ్గర ఇంజనీరింగ్ చదివి, సిద్ధాంతమంతా కంఠతా పట్టి, తన చేత్తో ఎస్సెస్బీ సెట్టు కట్టలేక ఊరుకున్నవాళ్లు లెక్కలేనంత మంది.

2003లో హైదరాబాద్ ఇంజనీరు అష్హర్ ఫర్హాన్ (వీయూ2ఈఎస్‌ఈ) ఈ సమస్యను తలకిందులుగా పట్టుకున్నాడు. పుస్తకం అడిగిన సామాను కోసం ఊరంతా తిరగడం మానేసి, ఊళ్లో దొరికే సామానుతో రేడియో గీశాడు. గుజరాతీ గల్లీ సేటు "నహీ" అననివి మాత్రమే అందులో ఉండాలని ముందే అనుకున్నట్టు కనిపిస్తుంది. దాని పేరు బిటెక్స్20. ఇరవై మీటర్ల బ్యాండు మీద, అంటే 14 మెగాహెర్ట్జ్ దగ్గర, ఆరు వాట్ల శక్తితో మాట్లాడే ఎస్సెస్బీ సెట్టు. సామాను ఖర్చు కొన్ని వందల రూపాయలు.

ఎలా చేశాడో చెప్పకపోతే ఈ కథ చెప్పి లాభం లేదు.

ఫిల్టర్‌కు కావలసినవి పది మెగాహెర్ట్జ్ క్వార్ట్జ్ క్రిస్టళ్లు. కంప్యూటర్ల పుణ్యమా అని అవి అప్పటికి అగ్గువకు దొరుకుతున్నాయి. నాలుగింటిని వరసలో పెట్టి, మధ్యలో కెపాసిటర్లు వేస్తే ఫిల్టర్ తయారు. నాలుగు మెగాహెర్ట్జ్ చుట్టూ తిరిగే ఒక ఆసిలేటర్. పదీ నాలుగూ పద్నాలుగు, బ్యాండు దొరికినట్టే. ట్రాన్సిస్టర్లు ఏ రేడియో రిపేరు దుకాణంలోనైనా ఉండే చిల్లర రకం. ట్రాన్స్‌ఫార్మర్లకు టీవీ యాంటెన్నా బేలన్‌లో ఉండే ఫెరైట్ ముక్కలు. అప్పట్లో ఇంటింటి మిద్దె మీద దూరదర్శన్ యాంటెన్నా ఉండేది గనుక వాటికి కొదవ లేదు. మరి టోరాయిడ్? దానికి బదులు నల్లా వాషర్. నల్లా కారుతుంటే హార్డ్‌వేర్ దుకాణంలో కొనుక్కొచ్చి వేసే వాషరే. దాని మీద రాగితీగ చుట్టాడు.

ఇనుప పొడి లేని వాషర్ కాయిల్‌కు ఏం బలమిస్తుందని ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు అడగొచ్చు. ఏమీ ఇవ్వదు. ఆకారం మాత్రమే ఇస్తుంది. తీగను ఉంగరంలా గుండ్రంగా చుడితే దాని అయస్కాంత క్షేత్రం చాలావరకు ఆ గుండ్రంలోనే తిరుగుతుంది, పక్క కాయిల్ మీద పడి గోల చేయదు. ఇనుము లేనందుకు నాలుగు చుట్లు ఎక్కువ వేసుకోవాలి, అంతే. ఇలాంటి ఆలోచన పుస్తకం చదివితే రాదు. పుస్తకాన్ని పూర్తిగా జీర్ణం చేసుకున్నవాడికే వస్తుంది. అమెరికాలో వెస్ హేవర్డ్ అనే ఇంజనీరు ఉన్నాడు, హామ్ సర్క్యూట్ల మీద రెండు మూడు తరాలకు గురువులాంటి మనిషి. ఫర్హాన్ ఆయన దారిలో నడిచినవాడు. సిద్ధాంతం ఒరెగాన్‌ది, వాషర్ హైదరాబాద్‌ది.

అసలు చాతుర్యం ఇంకోచోట ఉంది. మామూలు సెట్లో వినడానికి ఒక దారి, పంపడానికి ఇంకో దారి. సామాను రెండింతలు, లేదంటే దారి మార్చడానికి బోలెడు రిలేలు. బిటెక్స్‌లో దారి ఒక్కటే. మా కాజీపేట వైపు వాళ్లకు సులువుగా అర్థమయ్యేటట్టు చెప్పాలంటే సింగిల్ లైను రైలు మార్గం: అప్ బండికీ డౌన్ బండికీ అవే పట్టాలు, ఒకసారి ఇటు, ఒకసారి అటు. వినేటప్పుడు యాంటెన్నా నుంచి వచ్చిన సిగ్నల్ మిక్సర్, ఫిల్టర్, యాంప్లిఫయర్ల మీదుగా చెవి దాకా వస్తుంది. మైకు మీట నొక్కగానే కరెంటు ఇంకో తీగలోకి మారుతుంది. అవే యాంప్లిఫయర్లు ఎదురు దిశలో పనిచేసి, మన మాటను అదే ఫిల్టర్ గుండా యాంటెన్నాకు తోస్తాయి. అటూ ఇటూ పోతుంది గనుకే దానికి ఆ పేరు.

సర్క్యూట్ బోర్డు కూడా అక్కర్లేకుండా చేశాడాయన. రాగి పూత ఉన్న బోర్డు ముక్కను చెక్కకుండా, అద్దకుండా అలాగే తీసుకుని, భూమికి పోయే కాళ్లను దాని మీదే సోల్డర్ చేసి, మిగతా కాళ్లను గాల్లోనే ఒకదానికొకటి కలపడం. చూడ్డానికి కాకిగూడు. లోకంలో హామ్‌లు ఈ పద్ధతిని ప్రేమగా 'అగ్లీ' అనే పిలుస్తారు. కానీ భూమి దగ్గరగా, విశాలంగా ఉంటుంది గనుక అందమైన బోర్డు కన్నా తరచుగా ఇదే బాగా పనిచేస్తుంది.

సర్క్యూట్ దాచుకోలేదు. పేటెంట్ లేదు. ప్రతి భాగం ఎందుకు అలా ఉందో కారణంతో సహా రాసి లోకానికి ఇచ్చేశాడు. ఇంగ్లండ్‌లో కట్టారు, ఆస్ట్రేలియాలో కట్టారు, అమెరికాలో కట్టారు. టోరాయిడ్లు కవర్లో వచ్చే దేశాల వాళ్లు కూడా నల్లా వాషర్ కోసం ప్లంబింగ్ దుకాణాలకు వెళ్లారని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. విద్య ఎప్పుడూ పడమటి నుంచి మన దగ్గరికి రావడమేనా, ఒకసారి ఇటు నుంచి అటు కూడా పోయింది. అప్ బండి, డౌన్ బండి.

ఫర్హాన్ పేరు మన వైపు చాలామందికి వేరే విధంగా తెలుసు. బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది చూశారూ, నాటకాలు, గజళ్లు, వాదోపవాదాలు, సమోసా చాయ్... 2010లో దాన్ని తెరిచినవాళ్లలో ఆయన ఒకడు. అక్కడే హామ్‌ల క్లబ్బూ పుట్టింది. ఒక మూల కవి సమ్మేళనం, ఇంకో మూల సోల్డరింగ్ వాసన. మన తెలుగు మేధావులు మొదటి మూలకు వెళ్లినంతగా రెండో మూలకు వెళ్లలేదు. వెళ్లి ఉంటే బాగుండేది.

తర్వాత కథ వేగంగా సాగింది. 2016 చివర్లో బిటెక్స్40 అనే బోర్డు వచ్చింది. అరవై డాలర్ల లోపు ధర. హైదరాబాద్ నుంచి లోకమంతా పోయింది. ఈసారి టోరాయిడ్లు అసలైనవే. వాటికి తీగ చుట్టింది ఇక్కడి ఆడవాళ్ల బృందం. ఒక్కో ఉంగరానికి ఇన్ని చుట్లు అని లెక్క తప్పకుండా చుట్టిన ఆ వేళ్ల పని టెక్సస్‌లోనో, స్కాట్లాండ్‌లోనో ఎవరి బల్ల మీదో పలుకుతూ ఉంటుంది. 2017 చివర్లో మైక్రోబిటెక్స్ వచ్చింది. మూడు నుంచి ముప్ఫై మెగాహెర్ట్జ్ దాకా అన్ని హామ్ బ్యాండ్లూ, ధర 109 డాలర్లు. ఆ తర్వాత కంప్యూటర్‌నే రేడియోగా మార్చిన ఎస్‌బిటెక్స్. జపాన్ కంపెనీ సెట్టు లక్ష రూపాయలు పలికే చోట ఈ ధరలకు అర్థం వేరు.

జనగామలో బళ్లో పాఠం చెప్పుకునే సైన్సు సారుకు లక్ష రూపాయల సెట్టు కల. భూపాలపల్లిలో పరిస్థితి ఇంకో రకం. అక్కడ ఇంజనీర్లకు కరువు లేదు. సింగరేణి గనులు ఉన్నాయి, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. కరెంటు మోసే తీగల మీదే మాటను కూడా మోయించే విద్య సబ్‌స్టేషన్ ఇంజనీర్లకు రోజువారీ పని. రేడియో అంటే భయం లేని మనుషులు వాళ్లు. కానీ చాలా ఏళ్ల పాటు అక్కడ హామ్ కావాలనుకున్నవాడికి అడ్డం వచ్చింది డబ్బు ఒక్కటే కాదు. అడవి అంచు ఊళ్లో, దళాలూ కూంబింగులూ నడిచిన కాలంలో, ఇంటి మీద పొడవాటి తీగ కట్టి "నేను గాలిలో విదేశాలతో మాట్లాడతాను" అంటే ఎవరు ఊరుకుంటారు? లైసెన్సుకు ముందు పోలీసు విచారణ ఉండేది. అర్జీ పెట్టడానికే గుండె కావలసి వచ్చేది.

ఇక్కడి నుంచి నా కథకు వరస చెడుతుంది. ఇంతవరకు టెలిగ్రాఫ్, వాల్వు, ట్రాన్సిస్టర్ అని మెట్లు ఎక్కినట్టు వచ్చింది. ఆ తర్వాత అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. సెల్‌ఫోన్ వచ్చి "ఎవరితోనైనా ఎక్కడి నుంచైనా మాట్లాడొచ్చు" అన్న వింతను చంపేసింది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి హామ్‌ల కోసమే ఇస్రో హామ్‌శాట్ పంపింది. 42.5 కిలోల ఆ బుల్లి ఉపగ్రహం తొమ్మిదేళ్లు పలికి 2014లో మూగబోయింది. 2017లో నోబెల్ గ్రహీత జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీ కలిసి ఎఫ్‌టీ8 అనే పద్ధతి తెచ్చారు. కంప్యూటర్లే పదిహేను సెకన్లకోసారి ఒకదానికొకటి సంకేతాలు పంపుకుంటాయి, మనిషి పక్కన కూర్చుని టీ తాగుతాడు. చెవికి వినపడనంత బలహీనమైన సిగ్నల్‌ను కూడా అది పట్టేస్తుంది. విద్యగా గొప్పదే. కానీ ముచ్చట ఏదీ? పొద్దున్నే నలభై మీటర్ల మీద చార్మినార్ నెట్‌లో ఒకరినొకరు పేరుపెట్టి పలకరించుకునే పెద్దమనుషుల గొంతులో ఉన్న రుచి ఎఫ్‌టీ8లో లేదు. నా మాట ముసలివాళ్ల సణుగుడులా ఉంటే ఉండనీయండి.

ఇంకోపక్క 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టాన్ని పక్కన పెట్టడానికి. చైనా వాకీటాకీలు ఆన్‌లైన్‌లో పప్పుబెల్లాల్లా అమ్ముడవుతుంటే 2025లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ వాటి మీద మార్గదర్శకాలు తెచ్చింది. అదే ఏడాది శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి హామ్ రేడియోలోనే మన పిల్లలతో మాట్లాడాడు. టీవీలన్నీ చూపించాయి. అది హామ్ రేడియో అని ఎంతమంది చెప్పారో గాని! గుజరాతీ గల్లీలో ఇప్పుడు సీసాల చోట సెల్‌ఫోన్ కవర్లు కూడా వేలాడుతున్నాయి.

మరి ఇంకా ఈ విద్య ఎందుకు అంటారా? మన ఉమ్మడి వరంగల్ వానలే జవాబు చెబుతాయి. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన కురిసింది, తెలంగాణ రికార్డు. 27వ తేదీ తెల్లవారేసరికి భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లి మీద పడింది. జనం ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు అరచేత పట్టుకున్నారు, సైన్యం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లా ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. మొదట చెప్పిన ఆ 1889 నాటి లైనే అది. ఆ డిసెంబర్ 4న పొద్దున ములుగు వైపు 5.3 తీవ్రతతో భూమి కదిలితే హైదరాబాద్ దాకా తెలిసింది. వరదలో కరెంటు పోతుంది, టవర్ల బ్యాటరీలు కొన్ని గంటల్లో అయిపోతాయి, ఎవరి చేతిలో ఎంత ఖరీదైన ఫోను ఉన్నా ఒక్కటే.

ఇక్కడే ఆ చవక సెట్టుకు అసలు విలువ. ఏడు మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే రేడియో, పన్నెండు వోల్టుల బ్యాటరీ, ఇరవై మీటర్ల తీగ. తీగను రెండు వేప చెట్ల మధ్య నాలుగైదు మీటర్ల ఎత్తులో కడితే చాలు, పొడవాటి స్తంభం అక్కర్లేదు. అంత కిందగా కట్టిన తీగ సిగ్నల్‌ను దాదాపు నిట్టనిలువుగా పైకి పంపుతుంది. ఆకాశంలో అయనోస్ఫియర్ దాన్ని గొడుగులా చుట్టూ రెండు మూడు వందల కిలోమీటర్ల మేర కిందికి తిప్పి పంపుతుంది. గుట్టలు, అడవి అడ్డం రావు. మధ్యలో టవర్ లేదు. పగటిపూట భూపాలపల్లి నుంచి హైదరాబాద్ దాకా, మానుకోట నుంచి భద్రాచలం దాకా మాట పోవడానికి ఆ సెట్టుకున్న కొద్ది వాట్లే సరిపోతాయి. పోలీసు వాకీటాకీకి అది చేతకాదు, దానికి ఎదురుగా చూపు ఆనాలి.

కాని సెట్టు కొనిపెట్టి జిల్లా ఆఫీసు బీరువాలో తాళం వేస్తే వరద రోజున అది పలకదు. పలికించే మనిషి కావాలి. ఆ మనిషి రోజూ పొద్దున సరదాకు మాట్లాడుతూ ఉండాలి. ఏ వేళకు ఏ బ్యాండు తెరుచుకుంటుందో, ఏ వానకు ఎంత గరగర వస్తుందో ఆ చెవికి తెలిసి ఉండాలి. అందుకని ఈ హాబీ వెనుక ఒక జీవితకాలం పెట్టే ఇంజనీర్లను వృథా మనుషులని ఎగతాళి చేయడం తగదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కలెక్టర్లకు నాదొక్కటే విన్నపం. వరద వచ్చే మండలానికి ఒక్క హామ్ చొప్పున తయారు చేయించండి. పాలిటెక్నిక్ పిల్లలున్నారు, సబ్‌స్టేషన్ ఇంజనీర్లున్నారు, సింగరేణి ఉద్యోగులున్నారు. శిక్షణ ఇవ్వడానికి హైదరాబాద్‌లో నియార్ ఉంది, లామకాన్ మిత్రులున్నారు.

పరీక్ష గురించి భయం అక్కర్లేదు. పన్నెండేళ్లు నిండిన ఎవరైనా రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కూడా రానక్కర్లేదు, ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, రేడియో నిబంధనలు తెలిస్తే చాలు. కేంద్ర టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగానికి అర్జీ ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు. లైసెన్సు చేతికి వచ్చేదాకా మైకు మీట మాత్రం నొక్కకండి. వినడానికి అడ్డు లేదు.